అరవై దాటినాక చూసుకుందాంలే

పింఛను సంగతి తెలిసినవాళ్లను అడక్కండి. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగితే ఆధార్ తెమ్మంటాడు. సబ్‌ట్రెజరీలో అడిగితే సర్వీసు రిజిస్టరు అంటారు. పీఎఫ్ వాళ్లయితే యూఏఎన్ చెప్పమంటారు. ఒక్కరూ ఊరికే జవాబు చెప్పరు. ఏ కాగితమూ అడక్కుండా చెప్పే చోట్లు మన మెట్టలో రెండున్నాయి: ఆత్మకూరు బస్టాండు దగ్గర టీకొట్టు బెంచీ ఒకటి, ఉదయగిరిలో దుర్గం కొండ కనపడే అరుగు ఇంకొకటి. ఆ రెండు చోట్లా ఏళ్ల తరబడి పోగైన జ్ఞానాన్ని ఇక్కడ దించుతున్నాను. దీన్ని తుచ తప్పకుండా పాటించినవాళ్లకు అరవై దాటినాక ఏ బ్యాంకు ముందూ వరసలో నిలబడే పని ఉండదు.

మొదట కుర్రాళ్ల సంగతి. దుత్తలూరు నుంచో మర్రిపాడు నుంచో చెన్నైకి, హైదరాబాదుకి, శ్రీసిటీకి పోయి కంపెనీలో చేరిన పిల్లోడు ఎనిమిదేళ్లు చేసి మానేసి వస్తాడు. బస్సు దిగీ దిగంగానే అడిగే మాట ఒకటే: "మామా, పీఎఫ్ తీసేద్దామా?"

తీసెయ్యి అబ్బయ్యా, ఆలోచించేదేముంది? నీ జీతంలో నెలనెలా 12 శాతం పట్టుకున్నారు, కంపెనీవాడూ 12 శాతం వేశాడు. ఇక్కడ చదువుకున్నోళ్లు ఒక మెలిక పెడతారు. కంపెనీ వేసిన దాంట్లో 8.33 శాతం పింఛను ఖాతాకు పోయిందంటారు. జీతం ఎంతున్నా 15,000 దగ్గరే లెక్క ఆగుతుంది కాబట్టి అది నెలకు 1,250 దాటదు. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు ఆ ఖాతా నుంచి చచ్చేదాకా పింఛను వస్తుందట, తర్వాత భార్యకూ వస్తుందట. తొమ్మిదేళ్ల ఆర్నెల్లు దాటినా పదేళ్ల కిందే కడతారట. పదేళ్లు నిండినోడికి ఆ పింఛను డబ్బు ఒక్కసారిగా చేతికివ్వరు. చూశారా మోసం! అందుకే నిండకముందే బయటపడాలి. ఎనిమిదేళ్లు మంచి వయసు.

ఫారం 10సి అని ఒకటుంది. ఒకే ఫారం, రెండు దారులు: డబ్బు తీసుకోవచ్చు, లేదా స్కీము సర్టిఫికెట్ అడగొచ్చు. ఆ సర్టిఫికెట్ తీసుకుంటే ఈ ఎనిమిదేళ్లూ అట్నే నిలిచుంటాయి. రేపు ఇంకో కంపెనీలో రెండేళ్లు చేసినా కలిసి పదవుతాయి. ఇంకో చోట వెంటనే చేరితే అదీ అక్కర్లేదు, పాత యూఏఎన్ నంబరే ఇస్తే సరిపోతుంది. కానీ ఒక్కమాట అడుగుతా. సర్టిఫికెట్ మీద ఎక్కి ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పోగలమా? బండి మీద పోగలం. బండి కొనండి. కొత్త కంపెనీలో చేరేటప్పుడు పాత నంబరు అడిగితే లేదని చెప్పండి, కొత్తది ఇస్తారు. అట్లా నాలుగు కంపెనీల్లో నాలుగు నంబర్లున్నోడు పద్దెనిమిదేళ్లు పనిచేసి కూడా ఎక్కడా పదేళ్లు నిండకుండా కాపాడుకోవచ్చు.

ఇరవై ఏళ్లు ఒకే నంబరు మీద చేస్తే ఏమవుతుందో కూడా చెప్పి భయపెడతాను. 15,000ను 20తో గుణించి 70తో భాగించాలి: 4,285 రూపాయలు. ఇరవై నిండినందుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు, అప్పుడు 4,714. నెలనెలా, బతికినంతకాలం, ఏ పనీ చెయ్యకుండా. మనిషన్నోడు అట్లా కూర్చుని తినొచ్చునా?

పేరు సంగతి అసలే పట్టించుకోవద్దు. కంపెనీ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో తండ్రి పేరు కలిపి. మూడు పేర్లూ మీవే కదా, ఊళ్లో అందరికీ తెలుసు. ఉద్యోగంలో ఉన్నప్పుడే సరిచేయించుకుంటే హెచ్ఆర్ వాళ్లు అరగంటలో చేస్తారు. కంపెనీ మూతపడేదాకా ఆగితే ఆ పని కాస్త గట్టిగా నడుస్తుంది, నెట్ సెంటర్ వాడికీ నాలుగు డబ్బులొస్తాయి.

ఈ పీఎఫ్ పింఛనిచ్చే ఈపీఎస్ అనే 1995 నాటి పథకం కంపెనీ పిల్లోళ్లది మాత్రమే అనుకోవద్దు. ఆత్మకూరు డిపోలో, ఉదయగిరి డిపోలో రిటైరైన డ్రైవర్లను, కండక్టర్లను కదిలించి చూడండి. సీతారామపురం ఘాటు దాకా ఎండలో బస్సు తోలినోళ్లు వాళ్లు. 2020 జనవరి 1న ఆర్టీసీ వాళ్లంతా ప్రభుత్వోద్యోగులయ్యారు. ఆ రోజు డిపోల్లో పంచిన మిఠాయి తిన్నోళ్లు ఇంకా ఉన్నారు. జీతం ఖజానా నుంచి రావడం మొదలైంది, పింఛను మాత్రం పాత పీఎఫ్ పథకంలోనే ఉండిపోయింది. ప్రభుత్వోద్యోగి అంటే చివరి జీతంలో సగం పింఛను అని మనకు ఒక నమ్మకం కదా. ఆ నమ్మకంతో ఇల్లు కట్టిన బావలున్నారు. వాళ్లకు మొదటి నెల పడింది చూస్తే మూడు వేలు, మూడున్నర వేలు. 2014 సెప్టెంబరు దాకా లెక్క 6,500 జీతం మీద, ఆ తర్వాతే 15,000 మీద. మీరు నలభై వేలు తీసుకున్నా పింఛను లెక్కలో మీ జీతం అంతే.

దీనికి మందు ఒకటొచ్చింది. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: అసలు జీతం మీద పింఛను కోరుకునే వీలు అర్హత ఉన్నవాళ్లకు కల్పించమంది. గడువు పొడిగించి పొడిగించి 2023 జూలై 11 దాకా తెచ్చారు. ఇన్నేళ్లూ పీఎఫ్‌లో పడిన డబ్బులో పింఛను ఖాతాకు పోవలసిన తేడాను వడ్డీతో తిరిగి కట్టాలి, కడితే నెలకు వచ్చేది పెరుగుతుంది. ఆ రోజుల్లో బెంచీ మీద మా తీర్మానం ఏందంటే, కోర్టు తీర్పంటే అందరికీ వర్తిస్తుంది, మనం దరఖాస్తు పెట్టేదేంది, దానంతట అదే వస్తుందిలే అని. జూలై 12న కూడా అదే తీర్మానం. మీరూ అదే పాటించండి. ఎప్పుడు ఏ గడువు పెట్టినా, పొడిగిస్తారులే అనుకోవడం మన ధర్మం. మొదటి మూడుసార్లు పొడిగించారు కూడా, నాలుగోసారి సంగతే తేడా.

పదేళ్లు, ఇరవై ఏళ్లు అని ఈ లెక్కలన్నీ కూలోడికీ డ్రైవరుకీనే. పింఛను తొందరగా కావాలంటే ఒకసారి ఎమ్మెల్యేగా గెలవండి, సర్వీసు బాధ ఉండదు. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ జనరల్ సీట్లే. ప్రయత్నించడంలో తప్పులేదు.

ఇక అసలు పింఛను. మనూళ్లో పింఛను అని ఒట్టిగా అంటే ఒకటో తారీఖు తెల్లారి ఇంటికొచ్చి ఇచ్చేదే. దాని చరిత్ర చూస్తే దాచుకోవడం ఎంత తెలివితక్కువో అర్థమవుతుంది. 2014 అక్టోబరు దాకా ముసలోళ్లకు 200. అప్పుడు 1,000 అయింది. 2019 జనవరిలో 2,000. తర్వాత 2,250, 2,500, 2,750, 3,000 అని మెట్లెక్కి, 2024 జూలై 1న 4,000 అయింది. ఆ నెల పాత బాకీతో కలిపి 7,000 చేతిలో పెట్టారు. ప్రతి ఎన్నికకూ ఇంత పెరుగుతుంటే పిల్లోడి జీతంలోంచి నెలనెలా కొంత తీసి ఎక్కడో కట్టడమెందుకు? ఇందులో కేంద్రం వాటా ఎంతని అడిగే పాడు బుద్ధి కొందరికి ఉంటుంది. అరవై నుంచి డెబ్బై తొమ్మిది దాకా 200, ఎనభై దాటితే 500. మిగతాదంతా రాష్ట్ర ఖజానా ఎట్లుంటే అట్లా. ఖజానా ఎప్పుడూ బాగానే ఉంటుంది, మీరు పేపరు చదవకుంటే చాలు.

ఈ 4,000 పోగొట్టుకోవడం తేలిక కాదు, కానీ మనవాళ్లు సాధిస్తున్నారు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిసినా పదెకరాలు దాటకూడదని నియమం. మన వైపు నేలను చూసి పదెకరాల ఆసామి అని ఎవడు పిల్లనిచ్చాడో తెలియదు గానీ, పాస్‌బుక్కులో పదకొండు ఎకరాలుంటే పింఛను ఆగుతుంది. ఎప్పుడో అమ్మేసిన చేను ఇంకా మీ పేరు మీదే కనపడుతుంటే అట్లనే ఉండనివ్వండి, చూసేవాళ్లకు గౌరవంగా ఉంటుంది. ఇంటికి కింద ఒక వాటా, పైన ఒక వాటా కట్టి బాడుగకిచ్చారా? మీటర్లన్నీ మీ ఆధార్ మీదే ఉంచండి. నెలకు 300 యూనిట్లు దాటితే కరెంటు మీరే కాల్చినట్టు, ఆ పైవాటా వాళ్ల ఏసీతో సహా. బెంగుళూరులో కొడుకు కారు కొన్నాడా? వాడి పేరును మీ రేషను కార్డులోంచి తీయించకండి. తీయిస్తే కుటుంబం విడిపోయిందని ఊళ్లో అనుకుంటారు. వాడి కారూ మీదే, వాడి ఇన్‌కంటాక్సూ మీదే. కారెక్కే యోగం మాత్రం సంక్రాంతికి.

వయసు విషయం ఉంది చూశారా, అది మన మెట్ట మహాకావ్యం. ఆధార్ మొదట తీసిన రోజుల్లో పుట్టినరోజు అడిగితే తుపాను ఏడు పుట్టానని ఒకరు, పెద్దోడికీ నాకూ రెండేళ్లు ఎడమని ఒకరు చెప్పారు. కంప్యూటరు అబ్బాయి జనవరి 1 అని కొట్టాడు. ఇప్పుడు ఊరు ఊరంతా జనవరి 1న పుట్టింది. ఎవరికి ఎన్నేళ్లు పడ్డాయో వాళ్ల అదృష్టం. మనవడిని ఎత్తుకుని తిరిగే అవ్వకు ఆధార్‌లో యాభై నాలుగు. పుట్టిన తేదీని ఒకసారే దిద్దుకోనిస్తారు, దానికీ రుజువు చూపాలి. ఆ ఒక్కసారినీ తొందరపడి, ఎవరో చెప్పిన తేదీతో వాడేసుకోండి. పీఎఫ్ వాళ్లు 2024 జనవరి నుంచి పుట్టిన తేదీకి ఆధార్‌ను రుజువుగా ఒప్పుకోవడం లేదు, బడి సర్టిఫికెట్ అడుగుతారు. ఆ బడి సర్టిఫికెట్ చెదలకు వదిలేసిన పెట్టెలో ఉంటుంది. దాన్ని తియ్యకండి.

కువైట్ పోయొచ్చిన వాళ్లకు ఇంకో వయసు కూడా ఉంటుంది. ముప్పై నిండని ఆడవాళ్లను అక్కడ ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నియమం. అందుకని ఏజెంటు కొందరికి పాస్‌పోర్టులో నాలుగేళ్లు పెంచి పంపాడు. అట్లా పోయిన చెల్లెలు ఇరవై ఏళ్లకు తిరిగొచ్చి చూస్తే పాస్‌పోర్టు ప్రకారం పెద్దది, ఆధార్ ప్రకారం చిన్నది, అద్దం ప్రకారం రెంటికన్నా పెద్దది.

అక్కడి డబ్బు విషయం కూడా చెప్పాలి. కువైట్‌లో మనవాళ్లకు పింఛను లేదు, అది వాళ్ల దేశస్థులకే. కానీ ఇంటిపని వాళ్ల కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఒకటుంది. పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలి. నెలకు 120 దీనార్ల మీద పదేళ్లు చేస్తే 1,200 దీనార్లు, మన డబ్బుల్లో మూడు లక్షల పైమాటే. షాపుల్లో, కంపెనీల్లో చేసేవాళ్లకు వేరే చట్టం: మొదటి ఐదేళ్లకు ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆపైన ఏడాదికి నెల. ఈ సంగతి పనిచేసే ఇంటి మేడమ్‌ను అడగడం మర్యాద కాదు. వచ్చే ముందురోజు అరబీలో ఒక కాగితం పెడతారు. అంతా ముట్టిందని దాంట్లో రాసుంటుందేమో, ఉండనీండి. సంతకం పెట్టి, ఆమె ఇచ్చిన సెంటు సీసా తీసుకుని విమానమెక్కండి. సెంటు సీసా కూడా మంచి కంపెనీదే ఇస్తారు.

ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే వాళ్లకు వేరే సలహా అక్కర్లేదు, వాళ్లు ఇప్పటికే మా దారిలో ఉన్నారు. నర్ది, బిక్కి కర్రలతో వాళ్లు చేసే పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు చెంచాకు వచ్చింది, చేసిన చేతికి కాదు. నేతపని వాళ్లకూ, గీతకార్మికులకూ, మత్స్యకారులకూ యాభై ఏళ్లకే పింఛను ఉంది. చెక్క చెక్కేవాళ్ల పేరు ఆ పట్టికలో లేదు. అరవై దాకా ఆగి ముసలోళ్ల వరసలో రావాలి. అప్పటికి ఆకురాయికీ ఉలికీ వేళ్ల గీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. పడకపోతే ముఖం ఫోటోతో తీసుకునే పద్ధతి ఉంది. కానీ ఆ మాట మీరు ఎత్తకండి, సిగ్నల్ లేదేమోనని ఇంటికి పోండి.

ఇట్లాంటి చేతిపని వాళ్ల కోసమే 2015లో అటల్ పింఛను పథకం పెట్టారు. పద్దెనిమిదేళ్ల పిల్ల నెలకు 210 కడితే అరవై దాటాక నెలకు 5,000. తర్వాత మొగుడికీ అంతే. ఇద్దరూ పోయాక నామినీకి ఎనిమిదిన్నర లక్షలు. అదే నలభై ఏళ్లకు మొదలుపెడితే నెలకు 1,454 కట్టాలి, ఆ వయసు దాటితే తలుపు మూసేస్తారు. కాబట్టి ముప్పై తొమ్మిది దాకా ఆలోచిస్తూ ఉండండి. నలభై ఏళ్ల తర్వాత ఐదు వేలకు ఏమొస్తుంది, బియ్యం బస్తా కూడా రాదేమో అని బెంచీ మీద ఒక పెద్దాయన అంటాడు. ఆయన మాటలో నిజముంది, ధరలతో పాటు ఆ ఐదు వేలు పెరగదు. మనం మాత్రం ఐదు వేలకు ఏమీ రాదు కాబట్టి సున్నాకు అన్నీ వస్తాయని అర్థం చేసుకోవాలి.

పంతుళ్ల సంగతి క్లుప్తంగా. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లకు పాత పింఛను, ఆ తర్వాత చేరినవాళ్లకు సీపీఎస్. నోటిఫికేషన్ ముందు వచ్చి పోస్టింగు తర్వాత దొరికిన 2003 డీఎస్సీ వాళ్లు ఆ తేదీకి ఇవతలపక్క నిలబడి ఇంకా అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు సలహా ఇచ్చే ధైర్యం బెంచీకి కూడా లేదు, వాళ్లకు జీవోలు కంఠతా వచ్చు.

పాత పింఛను పెద్దమనుషులకు మాత్రం ఒకటి చెప్పగలం. రిటైరైన నెల గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి ఖాతాలో పెద్ద మొత్తం పడుతుంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకం ఉంది, మూడు నెలలకోసారి వడ్డీ ఇస్తారు. అది నెలకు నూటికి ముప్పావలా కూడా రాదు. మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ప్రాంసరీ నోటు రాసిచ్చే దగ్గరి చుట్టం ఉండగా పోస్టాఫీసు దేనికి? నోటు రాయించుకుని బీరువాలో చీర కింద పెట్టండి. ఆర్నెల్లు వడ్డీ టంచనుగా వస్తుంది, అక్కడితో మీకు నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత నోటు వెనక చెల్లు వేయించమని అడగొద్దు, చుట్టరికం చెడుతుంది. మూడేళ్లు నిండితే నోటుకు కాలదోషం పడుతుందని వకీలు చెబుతాడు. వకీళ్లు అన్నీ అట్లనే చెబుతారు. మూడేళ్ల ఒక్కరోజుకు మీ చుట్టమే వచ్చి అదే మాట చెప్పినప్పుడు మాత్రం నమ్మండి.

ఇవన్నీ ఎందుకన్నా, కొడుకులే మాకు పింఛను అనేవాళ్లున్నారు. వాళ్లంటే నాకు చానా ఇష్టం. పొలం, ఇల్లు కొడుకు పేరుకు రిజిస్టరు చేసే రోజున దస్తావేజు రాసేవాడు అడుగుతాడు: తల్లిదండ్రులను పోషించాలని ఒక వాక్యం వేద్దామా అని. వద్దనండి. కన్నకొడుకు మీద షరతులేంది? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. ఆ షరతు రాసుండి కొడుకు చూడకపోతే రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు. దానికి కోర్టు దాకా కూడా పోనక్కర్లేదు, ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకుంటే సరిపోతుంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆర్డీవో ఆఫీసుకు పోయినా పని కష్టమవుతుంది. మీకు తిరుగుడు తప్పుతుంది.

బతికున్నట్టు రుజువు చెయ్యడం గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదార్లు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇవ్వాలి. కేంద్రం వాళ్లు నవంబరులో. పీఎఫ్ పింఛను వాళ్లు ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, ఏడాదికి చెల్లుతుంది. ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖం చూపినా సరిపోతుంది. ముగ్గురికీ మా సలహా ఒకటే: మీరు బతికున్నారని మీకు తెలుసు కదా! డబ్బు పడకపోతే అప్పుడు బాధపడొచ్చు. ఈలోగా ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నానని హిందీ యాసలో ఒకాయన ఫోను చేసి ఓటీపీ అడుగుతాడు. ట్రెజరీ వాళ్లు ఫోనులో ఓటీపీ అడగరు. ఇంత దూరం నుంచి మనల్ని గుర్తుపెట్టుకుని చేసినాయన్ను నొప్పించలేం, చెప్పెయ్యండి.

చివరికి ఒక అక్క అడిగింది. మొగుడు ఒకటో తారీఖు పింఛను తీసుకునేవాడు, ఇరవయ్యో తేదీ పోయాడు. ఎవరికీ చెప్పకుండా ఆ వచ్చే నెలది కూడా తీసుకుందామా అని. పింఛను తీసుకునే భర్త పోతే ఆ మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చేట్టు ప్రభుత్వం 2024లోనే చెప్పింది. దానికి మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, చావును 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయిస్తే పైసా రుసుము లేకుండా నడుస్తుంది. దినకర్మ అయ్యేదాకా ఆ మాట ఎత్తడం బాగుండదని చుట్టాలన్నారట. చుట్టాలు చెప్పిందే చెయ్యమన్నాం. ఆమె మా మాట వినలేదు. పదకొండో రోజుకే సచివాలయానికి పోయి కాగితాలిచ్చి వచ్చిందట. ఒకటో తారీఖున ఆమె ఇంటికే వచ్చి 4,000 ఇచ్చిపోయారు. బెంచీ మీద ఇప్పుడు ఆమెను గురించే చెడ్డగా మాట్లాడుకుంటున్నాం.